తొక్కతో తినే నారింజ

"ఊరగాయ పెట్టేదానికి నాకే పాఠం చెప్తావా అప్పా?" అంది సుమలత.

మదనపల్లె సంతలో ఆమెకు ఎదురుగా కూర్చున్న వెంకటేశులు నవ్వాడు. కుప్పం దగ్గర తన తోటలో కాసిన కమ్‌క్వాట్లు తెచ్చాడతను. గోళీకాయంత నారింజలు. విటమిన్ సి ఉంటుందనీ, పీచు మంచిదనీ, జామ్ చేయొచ్చనీ, టీలో వేసుకోవచ్చనీ ఫోన్లో చూసి చదువుతున్నాడు. పుంగనూరు నుంచి వారం వారం ఊరగాయలు తెచ్చి అమ్మే సుమలతకు అది వేళాకోళంగా తోచింది. అతని మాట పూర్తికాకముందే రెండు కిలోలు సంచిలో పోయించుకుని లేచింది.

ఆ సాయంత్రం ఒక్కో కాయనూ గోటితో ఒలిచింది. తొక్కలు మేకకు వేస్తే, అవి అయిపోయినా అది తొట్టి వదల్లేదు. గుజ్జుతో పెట్టిన ఊరగాయ మాత్రం నోట పెట్టుకోలేనంత పులుపు.

మరుసటి వారం పదిమంది చూస్తుండగా అతని ముందు జాడీ మూత తీసింది.

"పులుపు తప్ప ఏముండాది దీంట్లో? మీ కుప్పంలో దీన్నే నారింజ అంటారా?"

జనం నవ్వారు. వెంకటేశులు జాడీలోకి చూశాడు. తొక్కలు ఒలిచి పచ్చబడిన ఆమె గోళ్లు చూశాడు. ఏదో అనబోయి ఆగాడు.

"నాదే తప్పులేమ్మా" అన్నాడు.

ఆ రోజు గాజులమ్మే బషీరా తప్ప అతని కాయలు ఎవరూ కొనలేదు. ఇంకో రెండు వారాలు వచ్చి, తర్వాత రావడం మానేశాడు. ఎదుటి ఖాళీచోటు వైపు చూడకూడదనుకుంటూనే ప్రతి వారం చూసేది సుమలత.

ఏడాది తర్వాత, వానల్లో ఆమె దగ్గుతుంటే బషీరా అప్పుడు కొని తేనెలో ఊరేసిన కాయ ఒకటి తొక్కతోనే నోట్లో పెట్టింది. తేనె కరిగిపోయాక కూడా తొక్క తియ్యగానే ఉంది.

"తీపంతా తొక్కలోనే గదమ్మా. అతను నాకు చెప్పినాడే, నీకు చెప్పలా?"

మర్నాడే సుమలత కుప్పం బస్సెక్కింది.

తోటలో టమాటా సాళ్ల మధ్య నరికిన మొదళ్లు కనిపించాయి. ఒక్క చెట్టు మిగిలింది. దాని కొమ్మలకు అంట్లు కడుతున్నాడు వెంకటేశులు.

"యాల చెప్పలా నాకు?"

"అందరి ముందరా? ఊరగాయలు అమ్మేదానికే తొక్క సంగతి తెలీదంటే, నీ జాడీలు ఎవరు కొంటారు?"

ఆమె వంగి, నరికిన మొదలు ఒకటి తడిమింది.

"చెట్లు ఎప్పుడు కొట్టేసినావు?"

"పోయిన నెల."

"నెల ముందొచ్చింటే..."

ఈ అంట్లు కాయాలంటే మూడేండ్లు పడుతుందని చెప్పాడతను.

"మంగళవారం సంతకు రా. అందరి ముందర అన్న మాట, అందరి ముందరే వెనక్కి తీసుకుంటా."

"కాయల్లేకుండా ఏం అమ్మేది?"

"కాసేదాకా నా జాడీలు అమ్ముదువు. ఎదురుగా వద్దు, నా పక్కన కూసో."

వెంకటేశులు చెట్టువైపు తిరిగి, మిగిలిన కాయలన్నీ కోసి ఆమె చున్నీలో పోశాడు. పదకొండు ఉన్నాయి.

"అమ్మేదానికి చాలవు. రుచి చూపించేదానికి చాలు" అన్నాడు.