చీమ ఆటకు ఒక్క స్టారు

డ్రైవర్ మామయ్య వేసిన గంతుకు రెండో నంబరు మిషన్ మీదున్న సబ్బుపొడి డబ్బా కింద పడింది.

మార్కులమ్మ తలెత్తి చూసింది. లాండ్రీలో ఆ వేళకు ఉన్నది ఇద్దరే. ఆయన మూలనున్న గేమ్ పెట్టె ముందు నిలబడి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, తెర వంక నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"నలభై ఎనిమిది వేల ఏడు వందల ఇరవై," అన్నాడు. "నువ్వొక్కదానివే ఉన్నావమ్మా. బాగా చూడు."

చూసింది. తెర మీద పై వరసలో బి, యు, ఎస్ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన ఆ అంకె. దాని కింద ఏ, కె, కె. అది ఈ లాండ్రీ నడిపే పెద్దమ్మ. అక్క అని రాయబోతే మూడు అక్షరాలకే చోటు అయిపోయిందట. ఎనిమిదేళ్ళుగా పై వరస పెద్దమ్మదే. డ్రైవర్ మామయ్య ప్రతి శనివారం యూనిఫాం ఉతకడానికి తెచ్చేవాడు. అది తిరుగుతున్నంతసేపూ ఆడేవాడు. ఓడిపోయి, తడి బట్టలతో పాటు ముఖం కూడా వేలాడేసుకుని వెళ్ళేవాడు.

ఈ రోజు గెలిచాడు. తీరా చూపిద్దామంటే పెద్దమ్మ లేదు. హోటళ్ళకు దుప్పట్లు అప్పజెప్పడానికి వ్యాన్‌లో వెళ్ళింది. లాండ్రీ మీద ఒక కన్నేసి ఉంచమని పక్క షాపు టైలరు తాతకు చెప్పింది. తాత ఆ కన్ను కూడా మూసుకుని కునుకు తీస్తున్నాడు.

డ్రైవర్ మామయ్యకు బస్సు వేళయింది. వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగాడు. డిపోలో కండక్టరూ మెకానిక్కూ తనను ఏళ్ళ తరబడి ఏడిపిస్తున్నారనీ, నాలుగింటికి వాళ్ళిద్దరినీ చెయ్యి పట్టుకుని లాక్కొస్తాననీ చెప్పాడు. వాళ్ళు ఆ అంకె కళ్ళారా చూస్తే గానీ ఆయనకు ఈ రాత్రి నిద్ర పట్టదట.

మార్కులమ్మ ఊఁ కొట్టి, తన నోటుబుక్కు తీసింది.

పదేళ్ళ ఆ పిల్లకు మంచి పేరు ఒకటుంది. అది హాజరు పట్టీలో తప్ప ఎక్కడా పనికిరాలేదు. కనబడిన ప్రతిదానికీ స్టార్లు వేస్తుంది కాబట్టి అందరికీ మార్కులమ్మే. లెక్కల పాఠానికి మూడు. అమ్మ కూరకు నాలుగు, ఉప్పు సరిపోతే ఐదు. వీడియో గేములకైతే ఏకంగా ఒక నోటుబుక్కే పెట్టింది. మధ్యాహ్నం బడిలో అది విప్పి చదివితే పిల్లలు నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకుని వింటారు. ఆమె ఒక్క స్టారు వేసిన ఆటను ఆ తరగతిలో మళ్ళీ ఎవరూ ముట్టుకోరు.

చీమ ఆటను ఆమె ఇందాక రెండు నిమిషాలు ఆడింది. చీమ పంచదార పలుకును నెత్తిన పెట్టుకుని పుట్టకు చేరాలి. పై నుంచి నీటి చుక్కలు పడుతుంటాయి. చుక్క తగిలితే చీమ పోతుంది. అంతే. మూడుసార్లు తగిలింది. వెంటనే విసుగేసింది.

అప్పుడే డ్రైవర్ మామయ్యతో వాదన కూడా అయింది. తన టాబ్లెట్‌లోని ఆటలో ఊళ్ళకు ఊళ్ళున్నాయనీ, వాన పడితే నీళ్ళలో నీడ కనిపిస్తుందనీ ఆమె చూపించింది. ఆయన బాగుందనే అన్నాడు. బాగుంది కానీ, ఈ కాలం ఆటలు చెయ్యి పట్టుకుని దారి చూపిస్తాయి, పడితే లేపుతాయి, చివరికి చప్పట్లు కూడా అవే కొడతాయి అన్నాడు. చీమ ఆట అలా కాదు, దానికి మనం ఉన్నామో లేమో కూడా పట్టదు అన్నాడు. పాతకాలం వాళ్ళకు పాతవే గొప్ప అని ఆమె మూతి తిప్పింది.

ఇప్పుడు ఆ మూతితోనే రాసింది.

'చీమ ఆట. బొమ్మ: నాలుగు పచ్చ గడులు. చీమ అని ఎవరైనా చెబితేనే చీమ. పాట: జలుబు చేసిన హారన్. కథ: లేదు. ఈ రోజు ఒక డ్రైవరు దీని మీద 48,720 కొట్టి కోతిలా గంతులేశాడు. డబ్బా పడిపోయింది. పెద్దవాళ్ళకు వేరే పని లేదు. ఒక్క స్టారు.'

రాసి చదువుకుంటే తనకే నవ్వొచ్చింది. సోమవారం క్లాసు పొట్ట చెక్కలవడం ఖాయం అనుకుంది.

నవ్వుతూనే టాబ్లెట్ తీసింది. చార్జింగ్ మూడు శాతం.

గోడకున్న ప్లగ్గులన్నీ వాషింగ్ మిషన్లు పంచుకున్నాయి. వెతగ్గా వెతగ్గా గేమ్ పెట్టె వెనక ఒక బ్యాటరీ, దానికి గుచ్చిన పెట్టె ప్లగ్గు కనిపించాయి. ప్లగ్గు మీద ఏదో కాగితం అంటించి ఉంది. ఏళ్ళ తరబడి ఆవిరి తగిలి అక్షరాలు చెరిగిపోయాయి. పదే పది నిమిషాలు అనుకుని ఆమె ఆ ప్లగ్గు పీకి, టాబ్లెట్‌ది పెట్టింది.

ఆమెకు తెలిసిన ఆటలన్నీ ఎక్కడ ఆపితే అక్కడ గుర్తుపెట్టుకునేవే. మర్చిపోయే ఆట ఒకటుంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పది నిమిషాల తర్వాత ప్లగ్గు మళ్ళీ పెట్టింది. పెట్టె గుర్రుమని లేచింది. జలుబు హారన్ మోగింది. ఐదు వరసలు వచ్చాయి. ఐదింటిలోనూ సున్నాలు.

మార్కులమ్మ ఒక బటన్ నొక్కింది. అన్నీ నొక్కింది. పెట్టెను పక్క నుంచి చిన్నగా తట్టింది కూడా. దానికి చీమ కుట్టినట్టయినా లేదు.

కరెంటు పోయినా ఆగకూడదని పెద్దమ్మ ఆ బ్యాటరీ ఎందుకు పెట్టించిందో ఇప్పుడు అర్థమయింది. కాగితం మీద ఏముండేదో కూడా అర్థమయింది. గడియారం చూస్తే ఒంటిగంటన్నర. నాలుగింటికి ముగ్గురొస్తారు.

ఏం చేయాలి? పోయిన అంకెను మళ్ళీ తేవాలి. అంటే ఆడాలి. నలభై ఎనిమిది వేల ఏడు వందల ఇరవై కొట్టి బి, యు, ఎస్ అని రాసేస్తే ఎవరికీ తెలియదు. నాలుగు పచ్చ గడుల ఆట. ఎంతసేపని?

మొదటిసారి మూడు వందల పది వచ్చింది. పెట్టె పేరు అడిగింది. బి, యు, ఎస్ అని కొట్టింది. రెండోసారి రెండు వందల తొంభై. అదీ బి, యు, ఎస్.

మూడోసారి కళ్ళు చిట్లించి ఆడింది. అప్పుడొక సంగతి పట్టుబడింది. ఆ హారన్ ఊరికే మోగడం లేదు. చుక్క ఎడమ నుంచి పడబోతే సన్నగా, కుడి నుంచి పడబోతే లావుగా మోగుతోంది. ఆట చెవిలో చెబుతూనే ఉంది, తనే వినలేదు. ఆ ఎరుకతో ఆరు వందల నలభై దాకా వచ్చింది. తర్వాత వెయ్యి దాటింది. చివరి పలుకుతో చీమ పుట్టలోకి దూరినప్పుడు తెలియకుండానే ఆమె కూడా ఒక గంతు వేసింది. వేసి, నాలుక్కరుచుకుని, చుట్టూ చూసింది.

నాలుగింటికి ఐదు నిమిషాలుండగా రెండు వేల నూట ఎనభై. వేళ్ళు బొబ్బలెక్కాయి. అంతకు మించి చీమ నడవలేదు.

అప్పుడే వాళ్ళు వచ్చారు.

డ్రైవర్ మామయ్య ముందు, కండక్టరూ మెకానిక్కూ వెనక. చూడండని ఆయన చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తెర మీద ఐదు వరసల్లోనూ బి, యు, ఎస్. పైన రెండు వేల నూట ఎనభై, అడుగున వెయ్యి ముప్ఫై. ఐదు ఓటములూ ఆయన పేరనే.

"ఇదా?" అన్నాడు మెకానిక్కు. "దీనికా నన్ను ఇంజను కింద నుంచి లాక్కొచ్చావ్? మా మూడేళ్ళ పిల్ల మోచేత్తో కొడుతుంది ఇంత."

కండక్టరు గట్టిగా నవ్వాడు. తాను అప్పుడే అనుకున్నాననీ, ఎర్ర లైటు దగ్గర కునికినప్పుడు కల వచ్చి ఉంటుందనీ అన్నాడు. డ్రైవర్ మామయ్య నవ్వలేదు. ముఖం చిన్నబోయింది. తెర దగ్గరకు వెళ్ళి వేలితో పై వరస తుడిచి చూశాడు, దుమ్ము కింద తన అంకె ఉందేమో అన్నట్టు.

తర్వాత వెనక్కి తిరిగాడు.

"నువ్వు చూశావు కదమ్మా," అన్నాడు మెల్లగా.

మార్కులమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడింది. ఒక్క మాట చాలు. కరెంటు పోయిందంటే చాలు, ఎవరూ తప్పుపట్టరు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా. కానీ ఆయన వేలికి ఇంకా దుమ్ము ఉంది. అది చూసింది.

"నేనే ప్లగ్ పీకాను మామయ్యా. టాబ్లెట్ చార్జింగ్ కోసం. అన్నీ పోయాయి. మళ్ళీ కొట్టి పెడదామనుకున్నా, రాలేదు. ఇవన్నీ నేను కొట్టినవే."

మెకానిక్కు చప్పట్లు కొట్టాడు. "బాగా నేర్పావ్‌రా. పిల్ల ఒక్క తప్పు కూడా లేకుండా అప్పజెప్పింది. చాక్లెట్ కొనిపెట్టావా?"

నిజం చెప్పినా నమ్మకపోతే ఇంకేం చేయాలో ఆమెకు తోచలేదు. డ్రైవర్ మామయ్య తన తడి యూనిఫాం మిషన్‌లోంచి తీసి మడత పెట్టుకోసాగాడు. వెళ్ళిపోతాడు. ఇక ఎన్నాళ్ళయినా డిపోలో ఆయన కల కన్న డ్రైవరే.

నోటుబుక్కు బల్ల మీద ఉంది. ఆ అంకె ఉన్నది ఇక అందులోనే. అంకెతో పాటు కోతి కూడా ఉంది.

మార్కులమ్మ నోటుబుక్కు తీసి, ఆ పేజీ విప్పి, కండక్టరు చేతిలో పెట్టింది. పెట్టి, వాషింగ్ మిషన్ గుండ్రటి తలుపు వంక చూస్తూ నిలబడింది.

టిక్కెట్లు కొట్టే గొంతు ఆయనది. పేజీ అంతా పైకే చదివాడు. నాలుగు పచ్చ గడులూ, జలుబు హారనూ, నలభై ఎనిమిది వేల ఏడు వందల ఇరవయ్యీ, కోతిలా గంతులేయడమూ, పెద్దవాళ్ళకు వేరే పని లేకపోవడమూ, ఏదీ వదల్లేదు. ఆమె చెవులు ఇస్త్రీ పెట్టెల్లా కాలిపోయాయి.

మెకానిక్కు నోటుబుక్కు లాక్కుని తనూ చూశాడు.

"ఇది నిజమే," అన్నాడు. "పొగిడి రాసి ఉంటే నమ్మేవాణ్ణి కాదు. ఇంత తిట్టి రాయమని ఏ డ్రైవరూ చెప్పడు."

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది డ్రైవర్ మామయ్యే. కోతిలాగే గంతేశానా అని అడిగాడు. ఆమె తల వంచుకునే అవునంది. ఆ గంతు ఒకసారి వేసి చూపించమని కండక్టరు పట్టుబట్టాడు. చూపించాడు. ఈసారి డబ్బా పడకుండా మెకానిక్కు పట్టుకున్నాడు.

అంతలో వ్యాన్ ఆగింది. పెద్దమ్మ లోపలికి వచ్చి తెర చూసి ఆగిపోయింది. మార్కులమ్మ రెండోసారి అదంతా చెప్పింది. మొదటిసారంత కష్టంగా లేదు, కానీ తేలిగ్గానూ లేదు. పెద్దమ్మ నంబరు కూడా పోయిందని చివరన చెప్పింది.

పెద్దమ్మ కోప్పడలేదు. ముందు నోటుబుక్కు తెప్పించుకుని చదివింది. ఎంతసేపు ఆడి ఈ స్టారు వేశావని అడిగింది. రెండు నిమిషాలని మార్కులమ్మ చెప్పింది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది," అంది పెద్దమ్మ. "పాతదంతా బంగారమని నేననను. ఈ పెట్టెలోనే ఇంతకు ముందు కప్ప ఆట ఉండేది. దానికి అర స్టారు దండగ. కానీ ఆ మాట నెల రోజులు ఆడాక అన్నాను."

తర్వాత డ్రైవర్ మామయ్య వంక చూసింది. నన్ను కొట్టావన్నమాట అంది. కొట్టానక్కా అన్నాడాయన, ఎనిమిదేళ్ళ ఆనందాన్నీ ఆ రెండు మాటల్లో కూరి. ఇప్పుడు ఇద్దరికీ సున్నాయే కదా అంది ఆమె, చేతులు తుడుచుకుంటూ. మొదటిసారి ఆడినట్టు మళ్ళీ ఆడే భాగ్యం ఎవరికి దొరుకుతుంది అన్నాడు. ఇద్దరూ పెట్టె ముందుకు ఒకేసారి నడిచారు.

మార్కులమ్మ నోటుబుక్కులోంచి తెల్ల కాగితం చింపింది. పెద్ద అక్షరాలతో రాసి ప్లగ్గు మీద అంటించి, ఆవిరి తగలకుండా పైన ప్లాస్టిక్ టేపు వేసింది. 'ఈ ప్లగ్ తీయకండి. తీస్తే చీమ అన్నీ మర్చిపోతుంది.'

సోమవారం మధ్యాహ్నం బడిలో పిల్లలు చుట్టూ మూగారు. శుక్రవారం వచ్చిన కొత్త రేసు ఆటకు ఎన్ని స్టార్లని అడిగారు. మార్కులమ్మ నోటుబుక్కు విప్పింది. ఇంకా ఆడలేదంది.

ఆడకపోతేనేం, బొమ్మ చూశావు కదా, బాగోలేదు కదా, వెయ్యవే అని వెనక బెంచీ పొడుగు పిల్ల తొందరపెట్టింది.

"ఆడాక చెబుతా," అంది మార్కులమ్మ.

పొడుగు పిల్ల ఊరుకోక పేజీలోకి తొంగి చూసింది. అక్కడ చీమ ఆట ఉంది. కోతి వాక్యం కొట్టేసి, పైన 'డ్రైవర్ మామయ్య, 48,720, నేను చూశాను' అని రాసి ఉంది. కింద 'నేను, 2,640'. ఒక్క స్టారును రబ్బరుతో అంత గట్టిగా చెరిపింది కాబోలు, అక్కడ కాగితం చిరిగి చిన్న రంధ్రం పడింది.

రంధ్రం పక్కన చిన్న అక్షరాలతో ఉంది: ఇంకా ఆడుతున్నాను.