ఆరింటి వరకే

శనివారం నాలుగు నుంచి ఆరు వరకు. తల్లి తన బిడ్డను చూసుకోవడానికి కోర్టు ఇచ్చిన సమయం అంతే. అదీ తండ్రి ఇంట్లోనే, పిల్ల గదిలోనే. ఆ రెండు గంటలు కూడా ఎక్కువేనని తండ్రిగారి ఏడుపు. కూతురి మీద ప్రేమతో వేసిన కేసా అది? భార్య మీద కసి. "అమ్మ కొడుతుంది" అని ఏడేళ్ల పిల్లకు చిలక్కి నేర్పినట్టు నేర్పి, జడ్జి ముందు చెప్పించాడు.

ఆ శనివారం ఆమె పిల్లకు రెండో జడ అల్లుతోంది. అతను గడియారం చూపించాడు.

"ఆరయింది."

"ఒక్క నిమిషమండీ, ఇదొక్కటీ అల్లేసి..."

"ఆర్డర్‌లో ఆ నిమిషం లేదు."

ఆమె దువ్వెన పక్కన పెట్టి లేచింది. కోర్టు మాట జవదాటే మనిషి కాదు పాపం. నెల తిరక్కుండానే జ్వరంతో పోయింది. ఆఖరి చూపుకైనా పిల్లను పంపలేదా మహానుభావుడు. "ఇవాళ శనివారం కాదుగా" అన్నాడు.

తర్వాతి శనివారం నాలుగింటికి పిల్ల గది తలుపు దానంతటదే మూసుకుంది. లోపల గుసగుసలు. తలుపు సందులోంచి తడి సబ్బు వాసన... ఆమె వాడే సబ్బే. ఆరు కొట్టగానే తలుపు తెరుచుకుంది. పిల్లకు ఒక జడ పూర్తయింది, రెండోది సగంలో ఉంది.

"ఎవరు వేశారే?"

"అమ్మ. ఆరయిందని వెళ్లిపోయింది."

మూడు శనివారాలు ఇదే తంతు. అతను లాయరు దగ్గరికి పరిగెత్తాడు.

"పోయిన మనిషికి ఆర్డరేమిటండీ!" లాయరు నవ్వాడు.

"కొట్టేయించండి. ఒక్క ముక్క కూడా మిగలకూడదు."

శుక్రవారం కొట్టేశారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

శనివారం నాలుగింటికి తలుపు మళ్లీ మూసుకుంది. సరే, ఆరింటికి పోతుందిగా అనుకున్నాడు. ఆరు కొట్టింది. తలుపు తెరుచుకోలేదు. ఆరుంబావు... ఏడు... లోపల పిల్ల కిలకిలా నవ్వుతోంది.

"అమ్మలూ, ఆరు దాటిందే. బయటికి రా."

"అమ్మ ఇక వెళ్లక్కర్లేదట నాన్నా," గుసగుసగా జవాబు. "ఆరింటి రూలు నువ్వే కొట్టేయించావటగా."

అప్పటికి గాని అతనికి బుర్రకెక్కలేదు. ఆమెను రప్పిస్తున్నది ఆ కాగితం కాదు. ఆరింటికి పంపిస్తున్నది మాత్రం అదే.

తలుపు పగలగొట్టాడు. గది ఖాళీ. కిటికీకి లోపలి గడియ వేసే ఉంది. వారమంతా పోలీసులు వెతికారు. అతను గోడకు తల బాదుకుని ఏడ్చాడు.

శనివారం నాలుగింటికి ఆ గదిలో, మంచం మీద పిల్ల కూర్చుని ఉంది. పరుగున వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది... రెండు జడలూ చివరిదాకా అల్లి ఉన్నాయి, ఇంకా తడిగా.

పిల్ల గడియారం వైపు చూసింది.

"నాన్నా, నీకు ఆరింటి వరకేనట."