ఏడింటి వార్తల్లో ఒక్క అక్షరం

మా ఏజెంటంత చురుకైనవాడు ఏ దేశపు సీక్రెట్ సర్వీసులోనూ లేడు. శత్రువు మనసులో అనుకునేలోపే పసిగట్టేస్తాడు. నేను చెబుతున్నాను కదా, నమ్మండి.

పక్క దేశంలో యుద్ధం. ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన మూడొందల మంది సరిహద్దు వంతెన మీద ఆగిపోయారు. గేటు తీయాలా, వద్దా? సాయంత్రం ఏడింటి రేడియో వార్తలు విని జనం ఏమంటే సర్కారు అదే చేస్తుంది. గేటు మూసే ఉంచాలని ఒక విదేశీ ముఠా పంతం.

చీఫ్ ఒక కాగితం ఏజెంటు ముందుకు తోశాడు. ముఠా పంపిన సంకేతం, డీకోడ్ చేసింది: "ఏడింటికి ట పెట్టండి."

"ట అంటే ఏంటి సార్?"

"టైంబాంబు. ఇంకేముంటుంది? స్టూడియో అంతా వెతుకు. అన్నట్టు, ఆ వంతెన మీద నీ చెల్లెలు కూడా ఉందటగా?"

"చంటిపిల్లతో ఉంది సార్."

"మంచిది. ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తావు."

మైకు మెకానిక్ వేషం. బూటు మడమలో మెటల్ డిటెక్టర్. మూడు గంటలపాటు బల్లల కింద, కుర్చీల కింద, చివరికి టీ ఫ్లాస్కులో కూడా బాంబు కోసం వెతికాడు. ఇందాక చురుకైనవాడన్నాను చూశారూ, అది కాస్త తగ్గించుకోండి.

ఏడుకు ఒక్క నిమిషం. న్యూస్ రీడర్ వచ్చి కూర్చుంది. చూపు తిప్పుకోలేని అందం, పట్టులాంటి గొంతు. మనకీ, ముఠాకీ కూడా పనిచేస్తుందని ఆఫీసులో అందరి అనుమానం. రుజువే లేదు. గొంతు సవరించుకుని మెల్లగా చదువుకుంటోంది.

"వంతెన మీద ఉన్నవాళ్ళు... శరణార్థులట."

బల్ల కింద ఏజెంటు ఉలిక్కిపడ్డాడు. లేచి కాగితం చూశాడు. 'శరణార్థులు' అనే ఉంది. వార్తల్లో ట రాదు. వస్తే దేశమంతా ఒక్కసారి మూతి విరుస్తుంది.

"ట తీసెయ్!" పిస్టల్ ఆమె నుదుటికి ఆనించాడు.

"ఒక్క అక్షరానికి ఇంత రాద్ధాంతమా తమ్ముడూ?" ఆమె నవ్వింది. "నేను అనకపోతే జనానికి నోరు లేదా?"

ప్రసారం మొదలైనట్టు ఎర్రలైటు వెలగడానికి మూడు సెకన్లు. ఆమెను కుర్చీలోంచి ఈడ్చేసి, నోరు నొక్కిపట్టి, వార్తలు తానే చదివాడు. ట లేకుండా చదివాడు. కాగితంలో లేకపోయినా, వాళ్ళలో చంటిపిల్లలున్నారని కూడా చెప్పాడు. కుట్ర భగ్నం!

టీ కొట్టులో ఒకాయన రేడియో కట్టేసి, "శరణార్థులట!" అన్నాడు.

"చంటిపిల్లలట!" పక్కాయన పొలమారేలా నవ్వాడు.

తెల్లవారేసరికి ఊరూరా అదే మాట. గేటు తీయలేదు. పదింటికి వంతెన మీద గుండ్లు పడ్డాయి.

చీఫ్ ఫైలు మీద 'మిషన్ సక్సెస్' అని రాసుకుంటున్నాడు.

"సార్, మా చెల్లెలు?"

"పోయిందట," అన్నాడు తల ఎత్తకుండా.

న్యూస్ రీడర్‌ను జైల్లో వేశారు.

ఇందులో నేను కల్పించింది ఒక్క జైలే. ఇవాళ పొద్దున కూడా వార్తలు ఆవిడే చదివింది. ఏం గొంతండీ!