ఇప్పుడే తాగి వచ్చాం

బందరు కోనేరు సెంటరులో చేపల తొట్లు అమ్మే కొట్టులో మిగిలింది ఒకే ఒక్క గాలి పంపు. జయంత్ దాని మీద చేయి వేసేసరికి అప్పటికే అక్కడ మరో చేయి ఉంది.

"మీకు చేపలెన్నండీ?" అన్నాడు.

"ఒక్కటీ లేదు. నాకు టీకి కావాలి" అంది జెస్సీ.

టీలో అల్లం వేసేవాళ్లను చూశాను గానీ పంపు వేసేవాళ్లను చూడలేదని అతడు వెక్కిరించాడు. ఆమె నవ్వకుండా వివరించింది. వానపాముల ఎరువును పల్చటి గుడ్డలో మూటగట్టి బకెట్టు నీళ్లలో వేలాడదీయాలి. కాస్త బెల్లం కలిపి, రాత్రంతా గాలి బుడగలు ఆడనిస్తే మొక్కలకు టీ సిద్ధం. తెల్లవారగానే పోసేయాలి, నిలవుంచితే కంపు కొడుతుంది.

పంపు ఆమెకే వదిలి, మరుసటి వారం తల్లి గులాబీలకు ఆ టీ పట్టుకెళ్లడానికి ఖాళీ క్యానుతో ఆమె మేడ మెట్లెక్కాడు జయంత్. వాన కురిసిన రోజున మొక్కలకేమీ పోయనక్కర్లేదని తెలిసీ, తడుస్తూ వచ్చేవాడు.

"గులాబీలకు జలుబు చేస్తుందండీ" అనేది జెస్సీ, తువ్వాలు అందిస్తూ.

పెళ్లి మాట అతడే ఎత్తాడు. ముందు మీ అమ్మగారిని మా ఇంటికి తీసుకురమ్మంది ఆమె. తోట చూపిస్తానన్న నెపంతో తల్లి లక్ష్మీకాంతం గారిని తీసుకొచ్చాడు. అసలు సంగతి తిరిగి వెళ్లాక చెప్పవచ్చుననుకున్నాడు.

జెస్సీ తల్లి ఆనందమ్మ కొత్త కప్పులలో టీ తెచ్చింది. లక్ష్మీకాంతం గారు చేతులు జోడించారు.

"ఇప్పుడే తాగి వచ్చామండీ."

కులం పేరెత్తకుండా కులాన్ని చెప్పే వాక్యమది. మర్యాదకు లోటుండదు. ఆనందమ్మ దాన్ని చిన్ననాటి నుంచీ వింటూనే ఉంది. జెస్సీ జయంత్ వైపు చూసింది. పొద్దున్నించి అతడు కాఫీ కూడా తాగలేదు.

"అవునండీ" అన్నాడు.

ఆనందమ్మ పళ్లెం లోపలికి తీసుకుపోయింది. జెస్సీ ఎప్పటిలాగే క్యాను నింపి ఇచ్చింది. లక్ష్మీకాంతం గారు దాన్ని రెండు చేతులా అందుకున్నారు.

మర్నాడు జయంత్ ఒక్కడే వచ్చి, అడిగి మరీ టీ పెట్టించుకుని, చివరి చుక్క దాకా తాగాడు.

"చాలా బాగుందండీ."

"నిన్నా ఇలాగే ఉంది" అంది జెస్సీ.

"అమ్మ మాట కాదనలేకపోయాను."

"అందుకని మా అమ్మను కాదన్నారు."

ఇంకోసారి తీసుకొస్తానన్నాడు.

"తీసుకురండి. ఆవిడ తాగక్కర్లేదు. ఆవిడ పక్కన కూర్చుని మీరు తాగండి, చాలు."

అంతకంటే చిన్న కోరిక ఏ ఆడపిల్లా కోరి ఉండదని జయంత్‌కు తెలుసు. తల్లి మనసు బాగున్న రోజు చూసి చెబుదామనుకున్నాడు. ఆమె మనసు చాలా రోజులే బాగుంది. వానాకాలం వెళ్లింది, వరి కోతలూ అయ్యాయి.

జెస్సీకి అవనిగడ్డ సంబంధం కుదిరిందన్న కబురు చివరకు తల్లే మోసుకొచ్చింది.

"బంగారం లాంటి పిల్లరా. ఏ ఇంటికి వెళ్తుందో, వాళ్లు అదృష్టవంతులు" అంది.

ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది.