దొరగారి చోట గవ్వ

గోరింక చేతిలో తాడు ఉంది. జేబులో క్యారెట్ ముక్కలున్నాయి. మొహం మాత్రం మాడిపోయి ఉంది.

"ఏయ్, ఇటు రా," అంది.

కొత్త గుర్రం రాలేదు. గోరింక దాని కుడివైపు నుంచి దగ్గరికి వెళ్తే, అది పక్కకు జరిగింది. ఈల వేస్తే చెవులు వెనక్కి పెట్టింది. పోనీ చెవి వెనక గోకుదామని చెయ్యి చాపేసరికి, తల విదిల్చుకుని కంచె అవతలి మూలకు పోయి నిలబడింది. వారం రోజులుగా ఇదే వరస.

గోరింక అసలు పేరు అది కాదు. పొద్దున లేచింది మొదలు ఏదో ఒకటి వాగుతూనే ఉంటుందని నాన్న పెట్టిన ముద్దుపేరు. వాళ్ళ అమ్మ పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పుతుంది. ఇంటి వెనక గుర్రపుశాల, దాని పక్కన కంచె వేసిన మైదానం. అమ్మ సాయంత్రం క్లాసులో ఉండగా ఒక గుర్రాన్ని మైదానం నుంచి లోపలికి తెచ్చి, ఒళ్ళు బ్రష్ చేసి, నీళ్ళు పెట్టడం గోరింక పని. మొన్నమొన్నటి దాకా ఆ గుర్రం దొరగారు.

దొరగారు తెల్లగా, ఎత్తుగా ఉండేవారు. ఎవరెంత తొందరపెట్టినా ఆయన నడక ఆయనదే. అందుకే ఆ పేరు. ఆ ఇంట్లో ఆయన్ను 'అది' అన్నవాళ్ళు లేరు. 'దొరగారు తిన్నారా?', 'దొరగారు అలిగారు' అనే అనేవాళ్ళు. గోరింక పుట్టకముందే ఏదో జబ్బు చేసి ఆయన ఎడమ కన్ను పోయింది. ఉన్న ఆ ఒక్క కంటితోనే గోరింకను కనిపెట్టుకుని ఉండేవారు. ఇప్పుడు వయసు మీద పడి మోకాళ్ళు పట్టేయడంతో, విశ్రాంతిగా ఉంటారని పెద్దమ్మ వాళ్ళ పండ్లతోటకు పంపారు.

ఆయన చోటికి గవ్వ వచ్చింది. గోధుమరంగు ఆడగుర్రం. నుదుటి మీద గవ్వలాంటి తెల్లమచ్చ ఉంటుంది. ఆ పేరుతో గోరింక దాన్ని ఒక్కసారి కూడా పిలవలేదు.

క్లాసు ముగించుకుని అమ్మ వచ్చింది. "ఇవాళ కూడా రాలేదా?"

"అది ఒట్టి మొండిది. దొరగారైతే ఈల వేయగానే వచ్చేవారు."

అమ్మ కంచె దాటి వెళ్ళి, తాడు వేసి గవ్వను తెచ్చేసింది. అది మారు మాట్లాడకుండా వెంట వచ్చింది. గోరింకకు ఇంకా ఒళ్ళు మండింది.

"నా దగ్గర బుద్ధిగానే ఉంటోంది. పిల్లలతోనే దీనికి పేచీ," అంది అమ్మ. "నీ దగ్గరే ఇలా ఉంటే, క్లాసుకొచ్చే చిన్నపిల్లలకు ఎలా అప్పజెప్పను? గుర్రాల వ్యాపారి వారం చూసుకోమన్నాడు. చూశాం. ఆదివారం సాయంత్రం వ్యాన్ వస్తుంది, పంపించేద్దాం."

గోరింకకు లోలోపల సంతోషం వేసింది. "అయితే దొరగారు వచ్చేస్తారా?"

"రారమ్మా. ఆయన మోకాళ్ళు ఇక ఈ పనికి ఆగవు. ఇంకో గుర్రాన్ని వెతుక్కుంటాం."

ఆ సంతోషం కాస్తా నీరుగారిపోయింది. "మరి ఇది?"

"వ్యాపారి దగ్గరికే. పిల్లలతో పడదని వెనక్కొచ్చిన గుర్రాన్ని మళ్ళీ ఎవరు తీసుకుంటారో, పాపం," అంది అమ్మ.

గవ్వ దాణా బకెట్‌లో మూతి పెట్టి తింటోంది. దాని గురించే మాట్లాడుకుంటున్నారని దానికేం తెలుసు? గోరింకకు కొంచెం జాలి వేసింది. కానీ జాలి వేరు, ఇష్టం వేరు అని సర్దిచెప్పుకుంది.

ఆదివారం మధ్యాహ్నం నాన్న స్కూటర్ మీద ఆమెను పెద్దమ్మ వాళ్ళ తోటకు తీసుకెళ్ళాడు. చెట్ల నీడలో దొరగారు నిలబడి ఉన్నారు. పక్కనే పెద్దమ్మ వాళ్ళ బూడిదరంగు గాడిద.

గోరింక పరుగెత్తింది. దొరగారు తల తిప్పి చూశారు. ఆమె జుట్టు వాసన చూసి, గడ్డాన్ని మెల్లగా ఆమె భుజం మీద ఆనించారు. గోరింకకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వారం రోజుల సంగతులన్నీ ఏకరువు పెట్టింది. ఆయన అన్నీ విన్నారు, క్యారెట్లు తిన్నారు. ఇంతలో గాడిద ఓండ్రపెట్టింది. దొరగారు నెమ్మదిగా తన నేస్తం దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆయన గోరింకను మరిచిపోలేదు. కానీ ఆమె లేకపోయినా హాయిగా ఉన్నారు. అది చూసి ఆమెకు సంతోషం వేసింది. ఎక్కడో చిన్న ముల్లు కూడా గుచ్చుకుంది.

అప్పుడొచ్చాడు పెద్దమ్మ కొడుకు. గోరింక కంటే ఏడాదే పెద్ద. తనకు తెలియని విషయం లేదన్నట్టు మాట్లాడతాడని ఇంట్లో అందరూ ప్రొఫెసర్ అంటారు.

"నేనెలా పట్టుకొస్తానో చూడు," అంటూ తాడు పట్టుకుని దొరగారి ఎడమవైపు నుంచి గబగబా వెళ్ళాడు.

దొరగారు ఒక్కసారిగా ఉలిక్కిపడ్డారు. ఆయన పక్కకు గెంతిన గెంతుకు నీళ్ళ బకెట్ బోర్లాపడింది. ప్రొఫెసర్ ప్యాంటు తడిసి ముద్దయింది.

"ఈయనకు పొగరు బాగా ఎక్కువ," అన్నాడు ప్రొఫెసర్.

"పొగరు కాదురా అన్నయ్యా, నీకే తెలివి తక్కువ," అంది గోరింక. "ఆయనకు ఎడమ కన్ను కనబడదు. కుడివైపు నుంచి వెళ్ళాలి."

"నేను మా గాడిదను ఎప్పుడూ ఇటు నుంచే పట్టుకుంటా. అదేమీ అనదే."

"నీ గాడిద సంగతి దొరగారికెందుకు? ఆయనకేం ఇష్టమో తెలుసుకోకుండా గాడిద అలవాట్లన్నీ తెచ్చి ఆయన నెత్తిన రుద్దితే, పైగా పొగరంటావా?"

అనేసి గోరింక ఠక్కున ఆగిపోయింది.

వారం నుంచి తను చేస్తున్నది ఇదే. కుడివైపు నుంచి వెళ్ళాల్సింది దొరగారి దగ్గరికి. ఈల దొరగారిది. చెవి వెనక గోకితే ఇష్టపడేదీ దొరగారే. గవ్వకు ఏం ఇష్టమో ఒక్కసారైనా చూసిందా? పైగా దానికి మొండిది అని పేరు పెట్టింది. ఆ పేరు మోసుకుని అది ఈ సాయంత్రమే వెళ్ళిపోతుంది.

"నాన్నా, ఇంటికి వెళ్దాం. ఇప్పుడే."

"ఇందాకేగా వచ్చాం?" అన్నాడు నాన్న.

"వ్యాన్ వచ్చేస్తుంది నాన్నా. పద."

వాళ్ళు వెళ్ళేసరికి వ్యాన్ గేటు ముందే ఉంది. వెనక తలుపు తీసి, గుర్రం ఎక్కడానికి పలక దించి ఉంచారు. డ్రైవర్ అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అమ్మ తాడు తీసుకుని మైదానం వైపు బయలుదేరుతోంది.

"అమ్మా, నువ్వు గవ్వ దగ్గరికి ఎటు నుంచి వెళ్తావు?"

"ఎడమ నుంచి. ఏ గుర్రానికైనా అటే అలవాటు చేస్తారు. ఏం?"

"నేను కుడి నుంచి వెళ్తున్నా. ఈల కూడా వేశా. చెవి వెనక గోకబోయా. అది దొరగారు కాదని నాకు కోపం వచ్చిందమ్మా. మొండిది కాదు అది, తప్పంతా నాదే."

"నీ ఒక్కదానిదే కాదులే," అంది అమ్మ. "దొరగారి కన్ను మూలాన నీకు కుడివైపు నుంచే నేర్పాను. మిగతా గుర్రాల సంగతి చెప్పనేలేదు. ఒక్కరోజైనా పక్కన నిలబడి చూడాల్సింది." డ్రైవర్ వైపు తిరిగింది. "కాసేపు ఆగుతారా?"

"నాకేం తొందర లేదండీ. ఇంకో కప్పు టీ ఇప్పిస్తే అసలే ఉండదు," అన్నాడు డ్రైవర్.

గోరింక తాడు తీసుకుని మైదానంలోకి వెళ్ళింది. ఈల వేయలేదు. గవ్వకు ఎడమవైపున, కొంచెం దూరంలో ఆగింది.

"గవ్వా," అంది మెల్లగా.

ఒక చెవి ఇటు తిరిగింది. గోరింక కదలకుండా నిలబడింది. నోరు కూడా కదపలేదు. ఆమెకది ఎంత కష్టమో ఆ ఇంట్లో వాళ్ళకే తెలుసు. గవ్వ చాలాసేపు చూసింది, ఒకసారి గడ్డి కొరికింది, తర్వాత మెల్లగా వచ్చి ఆమె జేబు వాసన చూసింది.

గోరింక చెయ్యి అలవాటుగా చెవి వైపు లేచింది. లేచిన చేతిని భుజం మీదకు దించి, మెల్లగా గోకుతూ పైకి వెళ్ళింది. జూలు అయిపోయి వీపు మొదలయ్యే చోటికి వచ్చేసరికి గవ్వ మెడ సాచి, కళ్ళు సగం మూసి, కింది పెదవి వేలాడేసింది. ఆ వాలకం చూసి గోరింకకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే తాడు వేసింది.

వ్యాన్ దగ్గరికి రాగానే గవ్వ బిగుసుకుపోయింది. గోరింక తాడు లాగలేదు. "అందులోకి కాదు, లోపలికే," అని చెప్పి, అది మళ్ళీ కదిలేదాకా పక్కనే నిలబడింది. ఇద్దరూ కలిసి గుర్రపుశాలలోకి వెళ్ళారు. అమ్మ డ్రైవర్‌కు ఏదో చెప్పింది. అతను పలక ఎత్తి, తలుపు మూసి, ఖాళీ వ్యాన్ తోలుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు క్లాసులో అందరికంటే చిన్నది, హెల్మెట్ ముక్కు మీదకు జారుతున్న ఒక పాప, గవ్వను చూసి ముచ్చటపడి చెయ్యి చాపింది.

"చెవులొద్దు, దానికి నచ్చదు," అంది గోరింక. "ఇటువైపు రా. ఇదిగో, ఇక్కడ గోకు."

గవ్వ పెదవి వేలాడేసింది. పాప కిలకిలా నవ్వింది. "మీ పాత గుర్రం కూడా ఇలాగే చేసేదా అక్కా?"

"ఊహూఁ. దొరగారికి చెవి వెనక ఇష్టం," అంది గోరింక. "ఇది గవ్వ."