ఖాళీగా ఉన్న శనివారాలు

బుధవారం వాన వెలిసీ వెలియకముందే ఆ అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. కిసీ అనే కొండ ఊరి బజారు వెనక, ఎరువుల కొట్టు మీద ఒంటి గది అది. తలుపు మీద "బోసిబోరి, ప్రైవేటు పరిశోధనలు" అన్న అక్షరాలు సగం చెరిగిపోయాయి. ఎవరూ తిరిగి రాయించలేదు.

"అమ్మా, సోమవారం నన్ను పోలీసులకు అప్పగిస్తారట," అంది, కూర్చోకుండానే.

బోసిబోరికి యాభై రెండేళ్ళు. పద్దెనిమిదేళ్ళు పోలీసు కానిస్టేబుల్‌గా చేసి, పై అధికారితో పొసగక బయటికొచ్చింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆమె సహాయకుడు ఒంబాసా ఒకప్పుడు మటాటు అనే అద్దె వ్యాన్ల తలుపులకు వేలాడుతూ డబ్బులు వసూలు చేసినవాడు. ఆమె తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే రకం. అతను పాలు ఎక్కువ పోసిన టీ తెచ్చి అమ్మాయి చేతిలో పెట్టాడు.

ఆమె పేరు అవూర్. సరస్సు ఒడ్డున హోమా బే నుంచి వచ్చిన లువో తెగ పిల్ల. ఊళ్ళోని బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ శాఖలో కౌంటర్ ఉద్యోగం. మూడు నెలలుగా ఆ కంపెనీ ఖాతాదార్లకు అడగని సేవలు వచ్చి పడుతున్నాయి. సినిమా ప్యాక్ అనీ, పిల్లల రక్షణ అనీ, ఫుట్‌బాల్ అనీ, ఒక్కోదానికి నెలనెలా ఇంత అని బిల్లు. జనం తిరగబడితే, చేర్చిన ప్రతి పేరూ అవూర్ గుర్తింపు మీదే నమోదైందని తేలింది.

"పాస్‌వర్డ్ నీదేగా?" అంది బోసిబోరి.

"మేనేజర్‌గారు పెట్టిచ్చిందే అమ్మా, నేను మార్చలేదు. లైన్లు చూసే మరూబేకీ తెలుసు. నా కంప్యూటర్ మొరాయిస్తే తెరిచేది అతనే. ఇంటి నుంచి తెరిచే వీలు కూడా వాళ్ళిద్దరికే ఉంది."

"ఆఫీసులో నువ్వొక్కదానివే ఉండే రోజులున్నాయా?"

అవూర్ తల వంచుకుంది. "శనివారాలు. మిగతావాళ్ళ చర్చి శనివారమే, శుక్రవారం పొద్దు కుంకింది మొదలు విశ్రాంతి దినం పాటిస్తారు కదా. నేను కాథలిక్‌ని, అందుకని శనివారం నాకే వేస్తారు. తొమ్మిదికి తెరుస్తాను, అయిదింటికి మూసి తాళంచెవి కాపలా తాతకిస్తాను. అదే నా కొంప ముంచింది. ఒంటరిగా ఉండేది నువ్వే కాబట్టి నువ్వే చేశావంటున్నారు. ఒప్పుకుని సంతకం పెడితే ఉద్యోగంతో పోతుందట. లేకపోతే జైలు."

"పెట్టావా?"

"చెయ్యని పనికి ఎలా పెట్టనమ్మా?"

ఆ ఒక్క మాటతో బోసిబోరి కేసు తీసుకుంది.

అవూర్ తెచ్చిన జాబితాలో నాలుగు వందల పన్నెండు పేర్లు, ఒక్కోదాని పక్కన తేదీ, సమయం. ఒంబాసా వేలు పెట్టి చదువుతూ ఒక్కసారిగా కిసుక్కున నవ్వాడు. "అక్కా! నీకు ఫుట్‌బాల్ ప్యాక్ ఉందటగా! ఒక్కదానివే తలుపులేసుకుని చూస్తున్నావా, మమ్మల్ని పిలవకుండా?"

"నోరు ముయ్యరా," అంది బోసిబోరి. అయినా తన పేరు దగ్గర ఆమె చూపు కాసేపు ఆగింది.

గురువారం ఇద్దరూ తబాకా అనే పల్లెకు వెళ్ళారు. అక్కడ బలపపు రాతిలో బొమ్మలు చెక్కే మొగేని ఒళ్ళంతా తెల్లటి పొడితో కూర్చుని హిప్పో బొమ్మకు చెవులు తీస్తున్నాడు. అతనికి తగిలించింది పిల్లల రక్షణ.

"నాకు పెళ్ళే కాలేదు తల్లీ! పిల్ల దొరికితే కదా పిల్లలు, పిల్లలుంటే కదా రక్షణ! అడిగితే మీరే ఒప్పుకున్నారు అంటారు. పైసా కట్టనన్నాను, లైను పీకేశారు. బొమ్మల ఆర్డర్లన్నీ అందులోనే వచ్చేవి."

"చేర్చినట్టు మెసేజ్ ఎప్పుడొచ్చింది?"

"శనివారం. సాయంత్రం విశ్రాంతి దినం ముగింపు పాట పాడుకుని ఫోన్ తెరిచాను. ఇలా తెరిచానో లేదో, అలా టింగుమంది."

"పగలెప్పుడో వచ్చి ఆగి ఉంటుందిలే," అన్నాడు ఒంబాసా.

బోసిబోరి ఫోన్ తీసుకుని ఆ మెసేజ్ పంపిన సమయం చూసింది. ఏడు గంటల నాలుగు నిమిషాలు. ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

శుక్రవారం మధ్యాహ్నం మరూబే కంపెనీ వాకిట్లో స్తంభం దిగుతూ దొరికాడు. మెళ్ళో తీగచుట్ట, నోట్లో చూయింగ్ గమ్.

"ఎవరు చేస్తారు? యంత్రమే. అది ఎవరినీ అడగదు, ఎక్కించేస్తుంది," అన్నాడు.

"పోయిన శనివారం మిట్టమధ్యాహ్నం మాంసం కాల్చే పాకలో కూర్చుని మ్యాచ్ చూస్తున్నావు కదూ, ధర్మాత్మా?" అన్నాడు ఒంబాసా.

"చూస్తే ఏం? మా అమ్మ చర్చికి పోతుంది. మా ఇంటి మొత్తానికి ఆ ఒక్క భక్తి చాలు."

లోపల మేనేజర్ న్యామ్వేయ లేచి నిలబడి ఎదురొచ్చాడు. అరవై దగ్గరపడిన మనిషి. బోసిబోరి వెళ్ళే చర్చికి ఆయనే పెద్ద. ఆమె భర్త పోయినప్పుడు సమాధి దగ్గర పాట ఎత్తుకున్నది కూడా ఆయనే. అంత మంచి గొంతు ఈ కొండల్లో ఇంకెవరికీ లేదు. అదే చర్చికి వెళ్ళే నేను ఈ మాట మొహమాటానికి అనడం లేదు.

"నాకూ జాలిగానే ఉంది చెల్లెమ్మా. ఆ పిల్లకు ఉద్యోగం ఇచ్చింది నేనే," అన్నాడు. "కానీ జాబితా అబద్ధం చెప్పదుగా."

"చెప్పదు పెద్దాయనా," అంది బోసిబోరి.

అయిదున్నరకు ఆయన కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు. కంప్యూటర్ ఆపాడు. ఫోన్ కట్టేసి సొరుగులో పెట్టి తాళం వేశాడు. "పొద్దు వాలుతోంది. రేపు పొద్దు కుంకేదాకా నాకు లోకంతో పనిలేదు. నీకు మాత్రం ఉంటుందా?"

"ఉండదు," అంది ఆమె.

గదికి తిరిగొచ్చి, పొద్దు కుంకేలోపు జాబితా ముందేసుకుని స్కేలు పెట్టి వారాల వారీగా గీతలు గీసింది. ఒంబాసా పెట్టిన టీ మీద మీగడ కట్టింది.

"దొరికాడా అక్కా?"

"దొరక్కపోతే బాగుండేది రా."

మర్నాడు చర్చిలో ఆమె ప్రసంగం ఒక్క ముక్క వినలేదు. న్యామ్వేయ పాట మాత్రం కళ్ళు మూసుకుని మొత్తం వింది.

ఆదివారం పది గంటలకు, సెలవు కాబట్టి తలుపులు మూసిన ఆఫీసులో అందరూ కూర్చున్నారు. నైరోబీ నుంచి ముగాంబి అనే పై అధికారి వచ్చాడు. అవూర్ గోడకు ఆనుకుని నిలబడింది. మేనేజర్ తన కుర్చీలో ఉన్నాడు. మరూబే బల్ల మీదెక్కి కాళ్ళూపుతున్నాడు.

బోసిబోరి గీతలు గీసిన కాగితం బల్ల మీద పరిచింది. "మూడు నెలలు, నాలుగు వందల పన్నెండు పేర్లు. ఆది నుంచి శుక్రవారం దాకా ప్రతి గడీ నిండింది. శనివారం గడులు చూడండి."

ముగాంబి వంగి చూశాడు. "సాయంత్రం కొన్ని ఉన్నాయి."

"ఏడు దాటాకే. శుక్రవారం పొద్దు కుంకిన దగ్గర్నుంచి శనివారం పొద్దు కుంకేదాకా ఒక్క పేరు కూడా లేదు. ఒక్క వారం కూడా తప్పలేదు. ఇది యంత్రమే అయితే, ఆదివారం ఆఫీసు మూసినా ఆడిన యంత్రం, శనివారం ఆఫీసు తెరిచి ఉండగా ఎందుకు ఆగింది?"

ముగాంబి ఆ ఖాళీ గడుల మీద వేలు జరుపుకుంటూ పోయాడు.

"అవూర్ చేసిందన్నారు. ఈ గది మొత్తం తనదైన ఒక్క రోజు వదిలేసి, అందరి కళ్ళూ ఉన్న రోజుల్లో ఎవరైనా దొంగతనం చేస్తారా? పైగా శనివారం ఏడింటికి తాళంచెవి కాపలా తాత జేబులో ఉంది. ఆ పని ఇంటి నుంచి జరిగింది. ఇంటి నుంచి తెరవగలిగేది ఇద్దరే. మరూబేకి శనివారమైనా మంగళవారమైనా ఒకటే."

"చూశావా, నా పాపమే నన్ను కాపాడింది," అన్నాడు మరూబే. ఎవరూ నవ్వకపోయేసరికి బల్ల దిగి నిలబడ్డాడు.

"ఈ దొంగ వారానికి ఆరు రోజులు దొంగిలించి, ఏడో రోజు దేవుడికిచ్చాడు," అంది బోసిబోరి. "పెద్దాయనా, మీరు చెప్తారా, నన్నే చెప్పమంటారా?"

న్యామ్వేయ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఎంత తుడిచినా మళ్ళీ పెట్టుకోలేదు.

"వారానికి ముప్పై మందిని చేర్చకపోతే శాఖ మూసేస్తామన్నారు," అన్నాడు. "ఈ శాఖ మీద బతికేవి పదకొండు కుటుంబాలు. అడిగితే ఎవరు ఒప్పుకుంటారు చెల్లెమ్మా, మన ఊళ్ళో? తలా కాస్త భారం, ఎవరూ గమనించరు అనుకున్నాను."

బోసిబోరి ముగాంబి వైపు తిరిగింది. "ఇంతమంది ఒక్కసారిగా సినిమా పిచ్చోళ్ళు ఎలా అయ్యారని మీరు అడగలేదా?"

ముగాంబి తేలు కుట్టిన దొంగలా ఫోన్‌లోకి తల దూర్చాడు. "అంకెలు బాగున్నాయి కదా అని..."

అప్పుడు అవూర్ మాట్లాడింది. "నా పేరే ఎందుకు బాబాయ్? ఈ ఊరొచ్చిన మొదటి నెల మీ ఇంట్లోనే ఉన్నాను. పిన్ని నాకు మొక్కజొన్న పిండితో ఉగాలి వండి పెట్టింది."

ఆయన చేతిలోని కళ్ళద్దాల వైపే చూస్తూ అన్నాడు. "మన చర్చి పిల్ల అయితే... ఆదివారానికల్లా వాళ్ళ అమ్మ నా వాకిట్లో ఉండేది."

ఆ మాట తర్వాత చెవిన పడ్డప్పుడు మా చర్చివాళ్ళందరికీ సిగ్గేసింది. పరాయి పిల్ల వెనక ఎవరూ రారన్నది ఆయన ఒక్కడికే తెలిసిన లెక్క కాదు.

"పది ఆజ్ఞల్లో నాలుగోది, విశ్రాంతి దినం, అంత గట్టిగా పట్టుకున్నారు," అంది బోసిబోరి, "ఎనిమిదోది, దొంగిలించొద్దన్నది, ఎలా జారవిడిచారు పెద్దాయనా? తెలుసా, ఒక్క శనివారం పగలు ఒక్క పేరు ఎక్కించి ఉంటే, ఈ పిల్ల రేపు జైల్లో ఉండేది. నేనేం చెయ్యగలిగేదాన్ని కాదు."

"అది మాత్రం చెయ్యలేకపోయాను," అన్నాడు న్యామ్వేయ, పసివాడిలా.

ముగాంబి అక్కడికక్కడే అవూర్ మీది ఆరోపణ రద్దు చేస్తూ కాగితం రాసిచ్చాడు. ఆమె దాన్ని మూడుసార్లు చదువుకుని, బోసిబోరి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. సోమవారం పోలీసుల దగ్గరికి న్యామ్వేయ తనే నడిచి వెళ్ళాడు. తోడుగా బోసిబోరి వెళ్ళింది. దారి పొడుగునా ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు.

తర్వాతి శనివారం చర్చిలో పాట ఎత్తుకునేవాళ్ళు లేక కాసేపు నిశ్శబ్దం. చివరికి బోసిబోరే ఎత్తుకుంది. ఆమె గొంతు బాగుండదు.

ఆ సాయంత్రం పొద్దు కుంకాక ఆమె తన గదిలో ఫోన్ తెరిచింది. వెంటనే మెసేజ్ వచ్చి పడింది. మీరు కోరిన పిల్లల రక్షణ సేవ నేటి నుంచి మొదలైంది, ధన్యవాదాలు. ఒంబాసా ఆమె భుజం మీదుగా వంగి చూశాడు.

"పంపింది పొద్దున పదకొండింటికి! శనివారం! ఈసారి ఎవరక్కా? ఎవరి పేరు మీద ఎక్కించారు?"

బోసిబోరి అవూర్‌కు ఫోన్ చేసి అడిగింది. పగలు ఆఫీసులోనే చూశానని, పేరుండాల్సిన చోట ఎవరి పేరూ లేదని, ఆ పని ఇప్పుడు నైరోబీలో దానంతటదే జరిగిపోతోందని అవూర్ చెప్పింది.

"ఎవరూ కాదు రా," అంది బోసిబోరి ఫోన్ కింద పెట్టి. "ఈసారి నిజంగానే యంత్రం. దానికి శనివారం లేదు."