లోతు మూలలో ఏడుపు

ఆ అపార్ట్‌మెంట్ల వెనక ఉన్న ఈతకొలనుని పగలు అందరూ కొలను అనే పిలిచేవాళ్లు. చీకటి పడ్డాక మాత్రం ఎవరూ పేరెత్తేవాళ్లు కాదు. "అది" అనేవాళ్లు, అంతే.

రాత్రి పన్నెండు దాటితే లోతు మూలలో ముందు గురక మొదలవుతుందట. గర్... గర్... గర్... తర్వాత నల్లటి గుండ్రటి తల ఒకటి గోడ పట్టుకుని పాకుతూ నీళ్లపైకి వస్తుందట. వచ్చి — పసిపిల్లలా క్యీ...మని ఏడుస్తుందట. ఏడ్చి, దభీమని వెనక్కి పడిపోతుందట. మళ్లీ గురక.

ఎప్పుడో ఒక పిల్ల అందులో మునిగి చచ్చిపోయిందని మూడో అంతస్తు లెక్చరరు గారు తేల్చారు. కొలను తవ్వి తొమ్మిదేళ్లు. లోతు మూలలో కూడా నీళ్లు గుండెల దాకానే. అందులో మునగాలంటే పట్టుబట్టి కూర్చోవాలి. అయినా ఆయన మాట ఎవరూ కాదనలేదు. పిల్ల గౌను రంగు కూడా చెప్పారు మరి.

ప్రెసిడెంటు గారు కమిటీ వేశారు. కమిటీ మూడుసార్లు కూర్చుంది, మూడుసార్లూ పట్టపగలే కూర్చుంది, దెయ్యం ఉందని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆదివారం పొద్దున పదింటికి మట్టి లారీలు వస్తాయి. కొలను పూడ్చేసి పైన ధ్యానం చేసుకోవడానికి అరుగు కడతారు. అరుగుకి ప్రెసిడెంటు గారి పేరున్న రాయి పెడతారు. అరుగు ఇంకా లేదు కానీ, రాయి మాత్రం చెక్కించేశారు.

అందరికీ పోయేది దెయ్యం. పంపాయనకి పోయేది ఇల్లు.

కొలను పనులన్నీ చూసేది పంపాయనే. పంపుగదికి ఆనుకుని ఉన్న ఒంటిగదిలో అతనూ, భార్యా. కొలను లేకపోతే పంపు లేదు, పంపు లేకపోతే గది లేదు. ఆరు పదులు దాటిన వయసులో మూటా ముల్లే నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోవాలి?

శనివారం రాత్రి భార్య సామాను సర్దుతూనే ఉంది.

"ఏమయ్యా, నిజం చెప్పు. ఆ ఏడ్చేది నీ తాబేలు కాదు గదా?"

తాబేలంటే కొలను అడుగు తుడిచే మిషను. నల్లగా, గుండ్రంగా ఉంటుంది. దానికో పొడవాటి గొట్టం. గొట్టం రెండో కొస గోడలోని కంతకి తగిలిస్తే పంపు నీళ్లు లాగుతుంది, ఆ లాగుడికి తాబేలు చెత్త మింగుతూ అడుగంతా తిరుగుతుంది. జనం కళ్లపడితే అసహ్యంగా ఉంటుందని ప్రెసిడెంటు గారు దాన్ని అర్ధరాత్రి దాటాకే తిప్పమన్నారు. అందుకే అలాంటిదొకటి ఉందని కూడా చాలామందికి తెలియదు.

"తొమ్మిదేళ్లుగా టక్ టక్ టక్ అనేదే దాని మాట. ఎన్నడూ ఏడవలేదే."

"నన్ను మాత్రం ఏడిపించారు. కొలనులో వెంట్రుకలు తేలాయని, నేనక్కడ తల కడుక్కుంటున్నానని గోడకి నోటీసు అంటించాడు గదా ఆ ప్రెసిడెంటు మహానుభావుడు. దెయ్యం వెంట్రుకలేమో, దానికీ అంటించమను!"

పంపాయన మొండివాడు. టార్చి తీసుకుని, స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని బయటికి నడిచాడు.

పన్నెండు దాటింది. గడియారం పెట్టిన స్విచ్చు దానంతటదే పడింది. పంపు కదిలింది...

గర్... గర్...

లాగుడు తక్కువైంది. అది అతనికి చెవితోనే తెలిసింది. పంపు జాలిబుట్ట తీసి చూశాడు — శుభ్రం. గోడ కంతలోని బుట్ట — రెండాకులు, అంతే. గొట్టం ఊడదీసి కొసకి అరచెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి ఊడి వచ్చేలా లాగింది. అంటే పంపు మంచిదే, గొట్టమూ మంచిదే. లోపం నీళ్లలో ఉంది.

మళ్లీ తగిలించాడు. టార్చి వేశాడు.

గొట్టం నీళ్లలో పాములా మెలి తిరిగి ఉంది. తాబేలుని అదే మూలకి తోస్తోంది, అదే గోడ ఎక్కిస్తోంది. ఇందులో వింతేమీ లేదు. గొట్టాన్ని మూడు వరసల్లో ముచ్చటగా చుట్టి పెట్టాలని ప్రెసిడెంటు గారి ఆర్డరు. "సార్, దీన్ని తిన్నగా చాపి పడుకోబెట్టాలి సార్, చుడితే ఆ మెలిక దానికి అలవాటైపోతుంది" అని ఆనాడే చెప్పాడు. "మనుషులకే కాళ్లు చాపుకునే చోటు లేదు, నీ గొట్టానికి కావాలా?" అన్నారాయన.

గోడెక్కడం సరే.

మరి ఏడుపు?

తాబేలు పైకి పాకుతోంది. ఆయాసపడుతూ... ఆగుతూ... నల్లటి వీపు నీళ్లు చీల్చుకుని బయటపడింది. మూతి గాలికి తగిలింది —

క్యీ...!

పంపాయన వెనక్కి గెంతాడు. పరుగున వెళ్లి స్విచ్చు ఆపేశాడు.

గురక ఆగింది. చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం.

ఇప్పుడు మిషను కదలదు. ఇప్పుడు ఏడిస్తే మాత్రం...

క్యీ... క్...

తిరిగి గదిలోకి పోదామనుకున్నాడు. గదిలో భార్య గిన్నెలు మూట కడుతున్న చప్పుడు వినిపించింది. ఆగిపోయాడు.

"దెయ్యానివైతే కావచ్చు," అన్నాడు చీకట్లోకి, గొంతు తగ్గించి. "నాకు మాత్రం రేపు పదింటికి లారీలొస్తున్నాయి."

గొట్టం పట్టి తాబేలుని గట్టు మీదకి ఈడ్చాడు. బోర్లా తిప్పాడు. స్క్రూలు విప్పాడు. లోపల టక్ టక్ మని కొట్టుకునే రబ్బరు నాలుక ఒక పక్కకి నొక్కుకుపోయి ఉంది. గొంతులోకి చెయ్యి పోనిచ్చాడు.

ముందు తగిలింది... జుట్టు. తడిసిన, మెత్తటి, చిక్కులు పడిన జుట్టు.

దాని వెనక... కాలు. బొటనవేలంత కాలు.

కళ్లు మూసుకుని లాగాడు. అది అతని పిడికిట్లోనే — క్యీ...మంది!

వెనక్కి తూలి గట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి గానీ టార్చి వెలుతురు దాని మీద పడలేదు.

రబ్బరు పందిపిల్ల. నొక్కితే అరిచే బొమ్మ. ఒంటినిండా పంటి గాట్లు. చుట్టూ పొడుగాటి నల్లటి బొచ్చు. పందిపిల్ల గొంతుకి అడ్డం పడితే తాబేలుకి ఊపిరాడటం లేదు. మూతి పైకొచ్చినప్పుడల్లా పంపు గాలి లాగితే బొమ్మ ఏడుస్తోంది. పంపు ఆపినప్పుడు గొట్టంలో నీళ్లు వెనక్కి జారి ఇంకోసారి ఏడిపించాయి.

పంపాయన ఆ గాట్లు చూశాడు, బొచ్చు చూశాడు. తలెత్తి ఐదో అంతస్తు ప్రెసిడెంటు గారి బాల్కనీ చూశాడు. గేటు మీద ఆయన సంతకంతో వేలాడుతున్న బోర్డు కూడా చూశాడు: "కుక్కలకు కొలనులో ప్రవేశం లేదు."

పొద్దున పదింటికి అందరూ కొలను చుట్టూ చేరారు. లారీ వెనక్కి తిరిగి నిలబడింది. ప్రెసిడెంటు గారు తమ నల్ల కుక్కని గొలుసుతో పట్టుకుని ఉపన్యాసం అందుకున్నారు.

"ఈ మూగజీవాన్ని చూడండి. రెండు వారాలుగా మెతుకు ముట్టదు. ఈ నీళ్లకేసి చూసి మూలుగుతుంది. దానికి కనిపిస్తోందండీ, మనకి కనిపించనిది!"

"గౌను గులాబీ రంగు," అన్నారు లెక్చరరు గారు.

"సార్," అన్నాడు పంపాయన. "పూడ్చే ముందు ఒక్కసారి ఆ ఏడుపు వినిపిస్తాను సార్."

"పగటిపూటా? నీకేమైనా పిచ్చా పంపూ?"

పంపాయన చెయ్యి వీపు వెనకే ఉంచి పందిపిల్లని నొక్కాడు.

క్యీ...!

లెక్చరరు గారు పక్కాయన భుజం ఎక్కినంత పని చేశారు. కుక్క చెవులు రిక్కించింది. గొలుసు తెంపుకుని దూకింది. పంపాయన పందిపిల్లని కొలనులోకి విసిరాడు.

కుక్క తడబడలేదు. గట్టు చుట్టి మెట్ల దగ్గరికి వెళ్లి, ఒక్కో మెట్టే దిగి, నెల నెలా చందా కట్టే మనిషిలా ఈతకి దిగింది. బొమ్మని నోట కరుచుకుని లోతు మూలకి తిరిగింది.

బాల్కనీలోంచి ప్రెసిడెంటు గారి భార్య గొంతు వినపడింది.

"ఒరేయ్ చిట్టీ! లోతు వైపు పోవద్దని రోజూ చెప్పేదాన్ని గదరా!"

రోజూ.

ఆ ఒక్క మాటకి అన్ని తలలూ ప్రెసిడెంటు గారి వైపు తిరిగాయి. పంపాయన భార్య మాత్రం నీళ్ల మీద తేలుతున్న నల్లబొచ్చుని ఒక పుల్లతో ఎత్తి అందరికీ చూపించింది.

"నేను తల కడుక్కున్నప్పటివండీ," అంది.

లారీ వచ్చిన దారినే పోయింది. "దెయ్యం తనంతట తానే ఖాళీ చేసినందున పూడ్చివేత అవసరం లేదు" అని కమిటీ పుస్తకంలో రాసుకున్నారు. గొట్టం ఇప్పుడు పంపుగది పక్కన ఎండలో తిన్నగా చాపుకుని పడుకుంటోంది. తాబేలు రాత్రంతా టక్ టక్ మంటూ నాలుగు మూలలూ తిరుగుతోంది. ప్రెసిడెంటు గారి పేరు చెక్కిన రాయి వృథాగా పోకుండా, పంపాయన భార్య దాని మీద బట్టలు ఉతుకుతోంది.

ఒక్కటే తేలలేదు. ఆ ఆదివారం రాత్రి గేటు మీది కుక్కల బోర్డు మాయమైంది. ఎవరు తీశారో ఈనాటికీ ఎవరికీ తెలియదు. ప్రెసిడెంటు గారు విచారణకి కమిటీ వేశారు.

దెయ్యం పనేనని కమిటీ అనుమానం.